నగదు కౌలుకిచ్చిన భూమికి సర్కారు డబ్బు ఎవరికి వస్తుంది? టెక్సాస్‌లో పొలం కొన్న మిత్రులకు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ నుంచి ఆరుగురు స్నేహితులు సమాన వాటాలతో ఎల్ఎల్‌సీ, అంటే వాటాదారుల కంపెనీ, పెట్టి, బోనమ్ దగ్గర ఫానిన్ కౌంటీలో 180 ఎకరాలు కొన్నారు. అందులో 110 ఎకరాలు గడ్డి బీడు, 60 ఎకరాలు గోధుమ వేసే చేను, మిగతాది వాగు, చెట్లు. మొత్తం పక్క రాంచ్ ఆయనకి ఏడాదికి ఇంత అని నగదు కౌలుకిచ్చారు. వ్యవసాయ సబ్సిడీల జాబితాలు పెట్టే ఈడబ్ల్యూజీ అనే స్వచ్ఛంద సంస్థ వెబ్‌సైట్‌లో ఆ కౌంటీ పేరు కొడితే ఎవరెవరికి ప్రభుత్వం ఎంత ఇచ్చిందో వరసగా వచ్చింది, మీ కౌలుదారు పేరు కూడా అందులో ఉంది. భూమి మాదైనప్పుడు ఆ డబ్బు మాకు రావాలి కదా, మన దగ్గర రైతుబంధు ఇచ్చినట్టు, అని మీ ప్రశ్న. ఆరుగురిలో ముగ్గురు ఇంకా హెచ్1బీ మీదే ఉన్నామని చివర్లో ఒక్క ముక్క రాశారు. దాని గురించి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరడిగిన దానికంటే అదే పెద్ద విషయం.

సూటిగా చెప్తాను. ఇప్పుడున్న కౌలు ఒప్పందంతో మీకు రాదు. రాకూడదు కూడా, నా ఉద్దేశంలో.

నేను ఉత్తర టెక్సాస్‌లో 20 ఏళ్ళకు పైగా రైతులకు, పశువులు పెంచేవాళ్ళకు లెక్కలు రాసి, పన్నులు కట్టించే పనిలో ఉన్నాను. మాది ప్రకాశం జిల్లా, మా నాన్న బతుకంతా కౌలుకే సాగు చేశారు. పంట నష్టపరిహారం వచ్చిన ఏడాది పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్ళ ఖాతాలో పడేది, మందులకి అప్పు తెచ్చింది మాత్రం నాన్న. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు కూడా ఇదే జరిగింది, పట్టాదారుకి ఎకరానికి సీజన్‌కి 4,000 రూపాయలు పడ్డాయి, తర్వాత 5,000 చేశారు, దున్నిన కౌలు రైతుకి ఏమీ రాలేదు. అందుకే మీ ప్రశ్న నాకు మామూలు లెక్కల ప్రశ్నలా అనిపించలేదు. అమెరికా పద్ధతిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి గానీ, ఈ ఒక్క విషయంలో చట్టం గట్టిగానే ఉంది: పంట పోతే ఎవడి జేబుకి చిల్లు పడుతుందో డబ్బు వాడికి. మీ కౌలు మీకు జనవరిలో వచ్చేస్తుంది, వాన పడినా పడకపోయినా. గోధుమ ధర పడిపోతే మీకు పోయేది ఏమీ లేదు. కాబట్టి పంట ధరల మీద ఇచ్చే డబ్బులో మీకు వాటా లేదు. అదే మీరు పాలుకిచ్చి ఉంటే, అంటే పండినదాంట్లో మూడో వంతో నాలుగో వంతో మీది అని రాసుకుని ఉంటే, ఆ వాటా మేరకు మీకూ వచ్చేది.

ఇక్కడ చాలామంది తికమక పడే సంగతి ఒకటుంది, బేస్ ఎకరాలు. మీ చేను గురించి ఎఫ్ఎస్ఏ ఆఫీసులో, అంటే అమెరికా వ్యవసాయ శాఖ కౌంటీ ఆఫీసులో, ఒక కాగితం ఉంటుంది, దాని నంబరు 156ఈజీ. మన అడంగల్ లాంటిది అనుకోండి. మీ పొలం (ఫార్మ్) నంబరు, అందులోని చెక్క (ట్రాక్ట్) నంబరు, ఏ పంటకి ఎన్ని బేస్ ఎకరాలు, ఎకరానికి ఎంత దిగుబడి లెక్క అని అందులో ఉంటుంది. ఈ బేస్ అనేది పాత ఏళ్ళల్లో ఆ నేలలో ఏం వేశారో దాన్నిబట్టి తేలిన అంకె, ఈ ఏడాది మీరు ఏం వేశారన్నదానితో సంబంధం లేదు. గోధుమ బేస్ ఉన్న చేలో ఈసారి జొన్న వేసినా గోధుమ ధర పడితేనే డబ్బు వస్తుంది. వినడానికి వింతగా ఉంటుంది, కానీ కావాలనే అలా పెట్టారు. సబ్సిడీ కోసమే ఒకే పంట వేసుకుంటూ పోకుండా, ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లో ఇబ్బంది రాకుండా, 1996 చట్టంతో మొదలుపెట్టి ఇటువైపు తిప్పారు. 2014 వరకు అయితే ధర పడినా పడకపోయినా బేస్ మీద ఏటా నేరుగా డబ్బు ఇచ్చేవాళ్ళు. ధరలు మంచిగా ఉన్న ఏళ్ళల్లో కూడా చెక్కులు పోతున్నాయని గోల అయ్యి 2014 వ్యవసాయ చట్టంలో అది ఎత్తేసి, పీఎల్‌సీ, ఏఆర్‌సీ అని రెండు పథకాలు తెచ్చారు. మొదటిది ధర పడితే ఇచ్చేది, రెండోది ఎకరం మీద వచ్చే రాబడి తగ్గితే ఇచ్చేది.

మీ 60 ఎకరాల మీద లెక్క వేసి చూపిస్తా, అప్పుడు ఎంత డబ్బు గురించి మాట్లాడుతున్నామో అర్థమవుతుంది. గోధుమకి ప్రభుత్వం పెట్టుకున్న ఆధార ధర బుషెల్‌కి 5.50 డాలర్లు ఉండేది, 2025 జులైలో వచ్చిన పెద్ద చట్టంలో దాన్ని 6.35 చేశారు. బుషెల్ అంటే గోధుమకి 60 పౌన్లు, మన లెక్కలో 27 కిలోలు. దేశం మొత్తం సగటు ధర ఆ మార్కెటింగ్ ఏడాదిలో 5.35కి పడిందనుకుందాం. తేడా ఒక డాలరు. మీ చేనుకి రాసి ఉన్న దిగుబడి 35 బుషెళ్ళు అనుకుంటే 60 ఎకరాలకి 2,100 డాలర్లు, అందులో 85 శాతం ఎకరాలకే ఇస్తారు కాబట్టి 1,785, దాంట్లో మళ్ళీ బడ్జెట్ కోత కింద 5.7 శాతం పోతే సుమారు 1,683 డాలర్లు. అదీ వెంటనే రాదు. 2025 పంట డబ్బు 2026 అక్టోబరు తర్వాతే. ఈ సొమ్ము కోసం మీరు ఆరుగురు ఫారాలు నింపి, పన్ను రిటర్నుల సమాచారం ఇచ్చి, ఒక్కొక్కరి ఆదాయం మూడేళ్ళ సగటున 9 లక్షల డాలర్లు దాటలేదని సంతకం పెట్టి, వ్యవసాయంలో నిజంగా పనో యాజమాన్యమో చేస్తున్నామని నిరూపించాలి. శనివారం కారు వేసుకుని వెళ్ళి గట్టు మీద ఫోటో దిగితే దాన్ని యాజమాన్యం అనరు.

ఆ జాబితాలో మీరు చూసిన పెద్ద అంకెల గురించి. అది 1995 నుంచి ఇప్పటిదాకా కలిపిన మొత్తం. ఒక మనిషికి 2 లక్షల డాలర్లు అని కనిపిస్తే ముప్పై ఏళ్ళ మీద భాగించి చూడండి. పైగా అందులో చాలా భాగం మామూలు ఏళ్ళల్లో వచ్చింది కాదు. 2018, 2019లో చైనాతో సుంకాల గొడవప్పుడు రెండేళ్ళకి కలిపి సుమారు 2,300 కోట్ల డాలర్లు పంచారు. 2018లో సోయాకి బుషెల్‌కి 1.65 డాలర్లు ఇచ్చి మొక్కజొన్నకి ఒక్క సెంటు ఇచ్చారు, ఆ ఏడాది మొక్కజొన్న వాళ్ళ కోపం నాకింకా గుర్తుంది. 2020లో కోవిడ్ డబ్బు, 2024 పంట మీద ఎకరానికి ఇంత అని మొక్కజొన్నకి 42.91, గోధుమకి 30.69, పత్తికి 84.74 డాలర్ల లెక్కన ఇంకోటి. ఎక్కువ డబ్బు పెద్ద కమతాల వాళ్ళకే పోతుందన్నది కూడా నిజమే, ఎకరాల లెక్కన ఇచ్చేదేదైనా ఎకరాలు ఎక్కువ ఉన్నవాడికే పోతుంది. ఇంకోటి, పంట బీమా కింద ఎవరికి ఎంత వచ్చిందో ఆ జాబితాలో ఉండదు, చట్టప్రకారం ఆ వివరాలు బయటపెట్టరు. బీమా ప్రీమియంలో ప్రభుత్వం సగటున 60 శాతానికి పైగా కడుతుంది, దానికి ఆదాయ పరిమితి గానీ మనిషికి ఇంత అనే పరిమితి గానీ లేవు. నన్నడిగితే పెద్ద రైతులకి అసలు సబ్సిడీ అక్కడుంది, జనం మాత్రం జాబితాలో కనిపించే చెక్కుల గురించే మాట్లాడుకుంటారు.

ఇప్పుడు మీ గడ్డి బీడు సంగతి. మీ కౌలుదారుకి ఎక్కువ డబ్బు వచ్చేది బహుశా గోధుమ మీద కాదు, ఎల్‌ఎఫ్‌పీ అని కరువులో మేత పోయినందుకు ఇచ్చే పథకం మీద. అది పనిచేసే తీరు నాకు నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఎవడి సిఫారసూ పనికిరాదు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో ఉన్న కరువు కేంద్రం, ప్రభుత్వ శాఖలు కలిసి ప్రతి గురువారం దేశం మొత్తానికి ఒక కరువు మ్యాపు విడుదల చేస్తారు, డీ0 నుంచి అన్నిటికన్నా తీవ్రమైన డీ4 దాకా రంగులేసి. మేత కాలంలో మీ కౌంటీలో ఏ మూలనైనా డీ3 ఒక్కసారి పడితే చాలు, మూడు నెలల మేత ఖర్చు లెక్కన వస్తుంది. అది నాలుగు వారాలు నిలిచినా, లేదా డీ4 తగిలినా నాలుగు నెలలు. డీ4 నాలుగు వారాలు నిలిస్తే ఐదు నెలలు. డీ2కి ఇదివరకు వరసగా ఎనిమిది వారాలు ఉంటేనే ఒక నెల ఇచ్చేవాళ్ళు, 2025 చట్టంలో నాలుగు వారాలకి తగ్గించారు. ఇచ్చేది మేత ఖర్చులో 60 శాతమే, అదీ పశువుల సంఖ్య మీద ఒక లెక్క, బీడు ఎన్ని పశువుల్ని మోయగలదో ఇంకో లెక్క వేసి రెండిట్లో తక్కువది. పశువులెవరివో వాళ్ళకి వస్తుంది. భూమి మీదైనా ఆవులు ఆయనవి, దాణా కొనేది ఆయన, కాబట్టి డబ్బూ ఆయనదే.

2011 వేసవి ఇక్కడ లేనివాళ్ళకి కరువంటే ఏంటో చెప్పడం కష్టం. టెక్సాస్ చరిత్రలో ఒక ఏడాది కరువుల్లో అంత దారుణమైనది లేదు. మీరు కొన్న ఆ నల్లమట్టి మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే బూటు ఊడదీసుకుంటుంది, ఎండితే నోరు తెరుస్తుంది. ఆ ఆగస్టులో ఒక రైతు పొలానికి వెళితే నెర్రెల్లో నా చెయ్యి మోచేతి దాకా దిగింది. పశువుల సంత బయట ట్రైలర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉండేవి, ట్రైలర్ల పలకల సందుల్లోంచి ఆవులు మూతులు బయటపెట్టి అరుస్తుంటే, ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు అద్దాలు ఎక్కించేసుకుని ఎటో చూస్తూ ఉండేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఎంచి ఎంచి పెంచుకున్న మంద అది. సరిగ్గా అప్పుడే, 2011 సెప్టెంబరు 30తో పాత మేత పథకం గడువు అయిపోయింది. కొత్తది రావడానికి 2014 ఫిబ్రవరి దాకా పట్టింది. రెండేళ్ళకి పైగా ఏమీ లేదు.

2014 చట్టంలో మంచి పని ఏం చేశారంటే, 2011 అక్టోబరు 1 తర్వాత జరిగిన నష్టాలకి వెనక్కెళ్ళి ఇస్తామన్నారు. ఏప్రిల్ 15న దరఖాస్తులు మొదలయ్యాయి. అప్పుడు నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చారు, చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకాలు నాలుగు రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు. చెమటకి అంచులు మెత్తబడి, పెన్సిల్ గీతలు మాసిపోయి ఉన్నాయి. ఏ రోజు ఏ బీడులో ఎన్ని ఆవులు, ఏ రోజు ఎన్ని అమ్మారు, గడ్డి మోపు ఎంతకి కొన్నారు, అంతా ఉంది. ఆ పుస్తకాలు, సంత కాటా చీటీలు పెట్టుకుని మేము పశువుల లెక్క తేల్చగలిగాం, కరువు వల్ల అమ్మేసిన వాటికి కూడా 80 శాతం రేటు మీద వచ్చింది. అదే వారం ఇంకో ఆయన వచ్చారు, ఇంచుమించు అంతే మంద, అంతే నష్టం. కాగితం ఒక్కటి లేదు. కౌలు కూడా నోటి మాటే, కౌలుకిచ్చిన పెద్దావిడ అప్పటికే చనిపోయారు, పిల్లలు సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆయనకి ఏమీ తెచ్చిపెట్టలేకపోయాను. అందుకే మీరు చేయాల్సిన మొదటి పని, మీ కౌలు ఒప్పందాన్ని రాతపూర్వకంగా రాసివ్వడం. ఎన్ని ఎకరాలు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, మేతకా సాగుకా, నగదా పాలా. ఒక పేజీ చాలు. మీకది పెద్ద ఖర్చు కాదు, ఆయనకి కరువు ఏడాదిలో అదే ప్రాణం.

అకాల వాతావరణానికో, మంటలకో పశువులు చనిపోతే ఎల్‌ఐపీ అని ఇంకో పథకం, మామూలుగా ఏటా చనిపోయే వాటికంటే ఎక్కువ పోయినవాటికి మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో టెక్సాస్ ఉత్తర కొసన ఉన్న ప్యాన్‌హ్యాండిల్‌లో స్మోక్‌హౌస్ క్రీక్ మంటలు 10 లక్షల ఎకరాలకు పైగా తగలబెట్టాయి, వేల పశువులు పోయాయి. అక్కడా ఇదే, ఫోటోలు, లెక్కలు ఉన్నవాళ్ళే నిలబడగలిగారు. కంచెలు మళ్ళీ వేసుకోవడానికి ఇంకో పథకం ఉంది, దాంట్లో 75 శాతం దాకా ఇస్తారు. పీఆర్‌ఎఫ్ అని వాన లెక్క మీద పచ్చిక బీమా కూడా ఉంది, రెండేసి నెలలకి వాన, సగటులో మనం ఎంచుకున్న శాతం కన్నా తగ్గితే డబ్బు వస్తుంది, ఏటా డిసెంబరు 1 లోగా తీసుకోవాలి. ఇది కూడా పశువులో మేతో తనదైనవాడికే.

సరే, హెచ్1బీ సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. పంట పథకాల డబ్బు విషయంలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనివాళ్ళని విదేశీయులుగానే చూస్తారు. ఒక ఎల్‌ఎల్‌సీలో అలాంటివాళ్ళ వాటా 10 శాతం దాటితే, వాళ్ళు పొలంలో గణనీయంగా స్వయంగా ఒళ్ళొంచి పనిచేస్తే తప్ప, ఆ ఎల్‌ఎల్‌సీకి అర్హత పోతుంది. మీది 50 శాతం. మిగతా ముగ్గురి వాటా మేరకు మాత్రం ఇవ్వమని అడిగే దారి ఒకటుంది గానీ, పైన చెప్పిన కారణాల వల్ల మీకు ఆ అవసరమే రాదు.

అసలు భయపడాల్సింది ఇంకోటి. 1978లో ఒక చట్టం వచ్చింది, పొట్టిగా అఫిడా అంటారు. విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకి ఎఫ్ఎస్ఏ-153 అనే ఫారం ఇవ్వాలి. కంపెనీ అమెరికాలోనే రిజిస్టరైనా, అందులో ఒక విదేశీయుడికి 10 శాతమో అంతకన్నా ఎక్కువో వాటా ఉంటే ఆ కంపెనీ కూడా ఇవ్వాల్సిందే. మీలో ఒక్కొక్కరికి 16.67 శాతం. కాబట్టి మీ ఎల్‌ఎల్‌సీ ఈ ఫారం ఇచ్చి ఉండాలి. మీరు కొని ఎన్నాళ్ళయిందో రాయలేదు. ఆలస్యమైతే వారానికి భూమి విలువలో వెయ్యింట ఒక వంతు చొప్పున జరిమానా పెరుగుతూ పోతుంది, ఇవ్వకపోయినా తప్పు రాసినా భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా వేయొచ్చు. ఈ మూడు నాలుగేళ్ళుగా విదేశీయుల భూముల మీద రాజకీయంగా వేడి పెరిగింది. టెక్సాస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకి సంబంధించి కొనుగోళ్ళ మీద నిషేధం వచ్చింది, భారత్ అందులో లేదు. కానీ అఫిడా ఫారానికి ఏ దేశమన్న తేడా లేదు. డల్లాస్ చుట్టూ మనవాళ్ళు గుంపులుగా భూములు కొంటున్నారు, అమ్మిన ఏజెంటు గానీ, భూమి హక్కు పత్రాలు చూసే టైటిల్ కంపెనీ గానీ ఈ మాట చెప్పిన కేసు నా దగ్గరికి ఇంతవరకు రాలేదు. టెన్షన్ పడి దాచేసుకోకండి, ఒక లాయరుకి చూపించి ఆలస్యమైనా మీ అంతట మీరే వెళ్ళి ఫైలు చేయండి. వాళ్ళు పట్టుకున్నాక ఇచ్చేదానికీ, మనం ముందుగా వెళ్ళి ఇచ్చేదానికీ చాలా తేడా ఉంటుంది.

మీలో ఒకరు అన్నారని రాశారు కదా, "కౌలు పాలుగా మార్చేస్తే, లేదా ఆయన్ని తీసేసి మనమే పేరుకి సాగు చేస్తున్నట్టు చూపిస్తే" అని. మొదటిది చట్టబద్ధమే, ఇద్దరికీ ఇష్టమైతే. నిజంగా పంట నష్టంలో వాటా మోయడానికి మీరు సిద్ధమైతే చేసుకోండి. కానీ పాలు కింద వచ్చే గోధుమ, దాని ఖర్చులు, పన్నుల్లో వేరే ఫారం, ఇదంతా ఏడాదికి మీ వాటాకి వచ్చే నాలుగైదు వందల డాలర్ల కోసమా అన్నది ఆలోచించండి. రెండోది మాత్రం చేయకండి. కౌలుదార్ల ప్రయోజనం కాపాడాలని ఆ పథకాల చట్టంలోనే రాసి ఉంది, చెక్కు కోసం కౌలుదారుని తీసేశారని తేలితే డబ్బు ఆపేస్తారు. లేని సాగు ఉన్నట్టు సంతకం పెట్టడం ఫెడరల్ నేరం. వీసా మీద ఉన్నవాళ్ళు దాని జోలికే పోకూడదు.

పైగా మీకు ఇప్పటికే ఒక సబ్సిడీ లాంటిది వస్తోంది, మీరు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. టెక్సాస్‌లో జనం ఆగ్ ఎగ్జెంప్షన్ అంటారే, భూమి విలువని మార్కెట్ ధర మీద కాకుండా సాగు మీద వచ్చే ఆదాయాన్ని బట్టి కట్టి ఆస్తి పన్ను వేయడం. మీ 180 ఎకరాల పన్ను బిల్లు ఒకసారి తీసి మార్కెట్ విలువ పక్కన సాగు విలువ ఎంత రాశారో చూడండి. ఆ తేడా ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది. అది మీకు దక్కుతున్నది ఆయన ఆవులు అక్కడ మేస్తున్నందుకు. ఆయన వెళ్ళిపోయి, మీకు ఇంకొకరు దొరకక, ఆ నేల మీద సాగు ఆపేసి వేరే పనికి వాడుకుంటే ఆ తగ్గింపు పోతుంది, వెనక మూడేళ్ళ పన్ను తేడా కూడా కట్టాలి. కాబట్టి ఎవరి వల్ల ఎవరికి లాభం అన్నది మీరు అనుకుంటున్న దిక్కున లేదు.

భూమి యజమానిగా మీకు నేరుగా రాగలిగినవి లేకపోలేదు. సీఆర్‌పీ అని 1985 నుంచి ఉన్న పథకం, చేనుని 10 నుంచి 15 ఏళ్ళు సాగు ఆపి గడ్డి నాటి వదిలేస్తే ఏటా అద్దె ఇస్తారు. భూమి మీ చేతికొచ్చి కనీసం ఏడాది అవ్వాలి, ఒక కౌంటీలో సాగు భూమిలో 25 శాతం దాటి తీసుకోరు. విదేశీయుల నిబంధన దీనికీ ఉంది, గోధుమ చేను ఆగిపోతుంది కాబట్టి కౌలుదారుతో మాట్లాడకుండా వెళ్ళడం న్యాయం కాదు. వ్యవసాయ శాఖలో నేల, నీటి సంరక్షణ చూసే ఎన్ఆర్‌సీఎస్ వాళ్ళు కంచెలకి, పశువులకి నీటి పైపులకి, చెరువులకి ఖర్చులో కొంత భరిస్తారు, దాని పేరు ఈక్విప్. నాకు ఇది అన్నిటికన్నా మంచి పథకం అనిపిస్తుంది, ఎందుకంటే డబ్బు ఖర్చై నేలలో మిగులుతుంది. మీరూ ఆయనా కలిసి ప్లాన్ చేసుకోవచ్చు. ఒక్కటే, ఒప్పందం మీద సంతకాలు కాకముందు గునపం దించకండి, మొదలుపెట్టిన పనికి పైసా రాదు.

వాగు పక్కన చెట్లు కొట్టి చదును చేసి ఫామ్‌హౌస్, చెరువు, మామిడి మొక్కలు అని మీకు ఆలోచన ఉందని కూడా రాశారు. ముందు, చిత్తడి నేలల నిబంధనలు పాటిస్తామని రాసిచ్చే ఏడీ-1026 అనే ఫారం గురించి అడగండి. చిత్తడి నేలని ఎండగట్టి సాగులోకి తెస్తే ఆ నేల మీదే కాదు, దానితో సంబంధం ఉన్నవాళ్ళకి అన్ని పథకాల డబ్బూ ఆగిపోతుంది. అంటే మీరు బుల్‌డోజర్ తోలితే ఆ దెబ్బ మీ కౌలుదారుకి కూడా తగలొచ్చు.

ఆ ఆఫీసు గురించి రెండు మాటలు. ప్రతి కౌంటీకి రైతులే ఓట్లేసి ఎన్నుకున్న కమిటీ ఉంటుంది, మూడేళ్ళ పదవి, ఈ పద్ధతి 1930ల నుంచి ఉంది. ఊరి సంగతి తెలిసినవాళ్ళు నిర్ణయించడం మంచిదే, కానీ అదే కమిటీలు దక్షిణాదిలో దశాబ్దాలపాటు నల్లజాతి రైతుల్ని అప్పులకీ సాయానికీ దూరం పెట్టాయి. ఆ వివక్ష మీద నల్లజాతి రైతులు వేసిన పిగ్‌ఫర్డ్ కేసు 1999లో ఒప్పందానికి వచ్చింది, 2010లో మళ్ళీ 125 కోట్ల డాలర్లు పెట్టాల్సి వచ్చింది, అప్పటికి చాలామంది భూములు పోగొట్టుకున్నారు, కొందరు చనిపోయారు. నేనిది ఎందుకు చెప్తున్నానంటే, కౌంటర్ దగ్గర "మీకు ఇది రాదు" అని నోటితో అంటే అక్కడితో వెనక్కి రాకండి. దరఖాస్తు తీసుకోమనండి, కాదంటే కాగితం మీద రాసివ్వమనండి, దాని మీద అప్పీలుకి వెళ్ళే హక్కు ఉంది. నా అనుభవంలో ఎక్కువమంది ఉద్యోగులు మంచివాళ్ళు, ఓపికగా చెప్తారు, కాకపోతే సిబ్బంది తక్కువ, అపాయింట్‌మెంట్ లేకుండా వెళితే పని కాదు.

వెళ్ళేటప్పుడు దస్తావేజు కాపీ, ఎల్‌ఎల్‌సీ కాగితాలు, సంతకం పెట్టే అధికారం ఎవరికో రాసిన కాగితం, ఐడీ కార్డు పట్టుకెళ్ళండి. వీలైతే కౌలుదారుని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. వాళ్ళు మీ పొలం ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద గీతలు గీసిన మ్యాపు బల్ల మీద పరుస్తారు, ఒక్కో చెక్కకి దశాంశాలతో ఎకరాలు వేసి ఉంటుంది, 37.42, 22.58 అని. నేను చూసిన ప్రతి రైతూ ఆ మ్యాపు మీద చూపుడువేలు పెట్టి నడిపిస్తాడు, ఇక్కడ నీరు నిలుస్తుంది, ఇది రాళ్ళు, ఈ మూల మెస్కీట్ పొద పట్టేసింది అని. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి అక్క లాంటిదే, మీకు పోల్చుకోవడం తేలిక. ఆ పదిహేను నిమిషాల్లో మీ భూమి గురించి ఏడాదంతా వారాంతాల్లో తిరిగినా తెలియనంత తెలుస్తుంది.

ముందుగా అడగాల్సింది ఇది: రికార్డులో యజమానిగా మీ ఎల్‌ఎల్‌సీ పేరు ఎక్కిందా, సాగుదారుగా ఆయన పేరు ఉందా, లేక ఇంకా పాత యజమాని పేరే నడుస్తోందా. చేతులు మారిన భూముల్లో సగం చిక్కులు ఇక్కడే వస్తాయి. వేసవి పంటలు, మేత బీడుల ఎకరాలు ఏటా రిపోర్టు చేయాలి, మన ఈ-క్రాప్ నమోదు లాగే, చాలా పంటలకి గడువు జులై 15. పేరు తప్పుగా ఉంటే ఆ రిపోర్టు దగ్గరే ఆగిపోతుంది, రిపోర్టు లేకపోతే ఆగస్టులో డీ3 రంగు పడినా ఆయనకి మేత డబ్బు రాదు. అఫిడా ఫారం సంగతి కూడా అదే బల్ల దగ్గర అడగొచ్చు, అది తీసుకునేదీ వాళ్ళే. మీరు కొన్న తేదీ, ఆరుగురి వాటాలు రాసి పంపితే ఆ ఫారంలో ఏ గడిలో ఏం రాయాలో నేను చూసి చెప్తాను.